దవడ కదపొద్దు

లాలాగూడ రైల్వే గేటు పక్కన నా షాపు.
రెండు కుర్చీలు, ఒక అద్దం.
అద్దం పగిలిన కాడ పోయినేడు క్యాలెండరు అంటిచ్చిన.
ఆదివారం ఆరింటికే షట్టరు లేపుత.
నెల రోజులసంది గడ్డాల కంటే ముందు
మాటలొచ్చి కూసుంటున్నయి బెంచీ మీద.

హాల్వర్సన్, మెన్సా మళ్ళ తలవడుతున్నరట
సముద్రాలవతల, మనకు తెల్లారే యాళ్లకు.

"పోయినసారి మెన్సా గెలవలే, జడ్జీలు గెలిపిచ్చిన్రు"
అంటడు వర్క్‌షాపు ఫిట్టరు దేవదానం.
"పన్నెండో రౌండుల కిందవడ్డోడు ఎట్ల చాంపియనైతడు?"
"లేవలేదా మరి? తొమ్మిది లెక్కవెట్టేసరికి నిలవడలేదా?"
కొరియర్ పోరడు షాదుల్ ఫోను అందరి మొఖాల ముంగట తిప్పిండు.
హాల్వర్సన్ వెనకున్న జనం లెక్క, కోట్లల్ల.
"బరువు తూగెతందుకు పల్లకిల వస్తడన్నా ఆయన.
నిన్న కొండచిలువను మెడలేసుకొని విమానం దిగిండు.
మెన్సాకేమున్నది, బెల్టు తప్ప?"

బెల్టు తప్ప.
బెంచీ జరసేపు సప్పుడు చెయ్యలే.
దేవదానం బీడీ ఆరిపోయింది, మళ్ళ ముట్టియ్యలే.

కుర్చీల సత్తార్ సాబ్, మొఖం నిండ నురగ.
కండ్లు తెరవకుంటనే అన్నడు:
"బెల్టు ఇంట్ల మేకుకు వేలాడుతది బేటా,
పేరు బజార్ల తిరుగుతది.
ఏదన్న ఒక్కటే వస్తది చానమందికి."
"దవడ కదపొద్దు సాబ్" అన్న, కత్తి ఆపి.

ఎడమ చెవి కింద, ఎముక మీద, ఒక గడ్డ.
పట్టాల అతుకు మీద బండి ఎగిరినట్టు
ముప్పై ఏండ్లసంది నా కత్తి అక్కడ ఎగురుతది.
అది చేసిన చెయ్యి కిటికీ కాడ పేపరు సదువుతున్నది,
ఎలియాజరు, రిటైరయిన గార్డు.
ఆయన కుడి చెవు వినవడదు.
అది సత్తార్ సాబ్ పని.

అప్పట్ల మన దిక్కు హెవీవెయిట్లంటే ఈ ఇద్దరే.
మూడోవాడు దొరకలే.
పోటీ అంటే ఫైనలే, ఫైనలంటే వీళ్ళే,
పదకొండేండ్లు.
రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్ల నలభై కుర్చీలు,
సగం ఇంటోళ్ళు, సగం వాన తప్పిచ్చుకునెతందుకు వచ్చినోళ్ళు.
ఒక యేడు సమోసాలమ్మే మనిషి ఈలేసిండట.
ఎవరి కోసమేసిండని
ఇప్పటికి గూడ లడాయి.

ఆరు నేనే గెలిచిన అంటడు సత్తార్ సాబ్.
ఆరు నేనే అంటడు ఎలియాజరు.
లెక్కల పుస్తకం చెదలు తిన్నది.
పన్నెండో ఆట ఎన్నడాడిన్రో నేనడగలే.

షాదుల్‌కు ఇదేం తెల్వదు. మొన్ననే ఈ గల్లీకొచ్చిండు.
"ఓ తాతా, నువ్వు చెప్పు,
ఎవరు గెలుస్తరు?"
పేపరు దించలే ముసలాయన.
లేచి, కుడి చెవు దిక్కే పోయి గట్టిగ ఒర్లిండు:
"ఎవరు? ఎవరు?"

"నేనే" అన్నడు ఎలియాజరు.
"సత్తార్ అయినంక నేనే. నా వంతు."

బెంచీ మొత్తం నవ్వింది.
నురగ కింద సత్తార్ సాబ్ గూడ నవ్విండు.
కత్తి జారింది.

గడ్డం కింద సన్నగ ఎర్రగీత.
నేను పటిక కోసం ఎతుకుతుంటె
ఎలియాజరు ఎప్పుడు లేచిండో, వచ్చిండు.
నా భుజం మీద తువ్వాల గుంజుకొని
సత్తార్ సాబ్ తల వెనక్కి వంచి
గడ్డాన్ని ట్యూబులైటు దిక్కు తిప్పి
బొటనవేలితోటి ఒత్తిపట్టిండు.
గాయమే కాదు, కండ్లు గూడ చూసిండు,
ఒకటి, మళ్ళ ఇంకొకటి.

"చిన్నదే. ఆడనియ్యి" అన్నడు నాతోని.

బయట గేటు గంట మోగింది, గూడ్సు వస్తున్నది.
ఎలియాజరు పోయి పేపరు ఎత్తుకున్నడు, తలకిందులుగ.
సత్తార్ సాబ్ కుర్చీల జర నిటారుగ కూసున్నడు.
నేను కత్తి కడిగిన.
బెంచీ మీద మళ్ళ మొదలైంది
పన్నెండో రౌండు కాడికెంచి.